చిరుగు కొలతలు

గురువారం మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, రిపేరు దుకాణంలో, గిటారిస్టు తన పాత యాంప్లిఫయర్‌కు కరెంటు పెట్టి ఒక తీగ మీటాడు. శబ్దం శుభ్రంగా వచ్చింది. దుకాణం అతని బావది. గదికి అడ్డంగా తెర ఉంది. తెర అవతల అతని అక్క బట్టలు కుడుతోంది.

"ఇదేంటి బావా?"

"ఏది?"

"ఈ శబ్దం."

"బాగుంది కదా."

"బాగుంది. అదే అడుగుతున్నా. ఎందుకు బాగుంది?"

"బాగుచేస్తే బాగుంటుంది. అందుకే కదా బోర్డు పెట్టుకుంది."

"నేను ఫ్యూజు పోయిందని తెచ్చాను. ఫ్యూజు ఒక్కటే మార్చమన్నాను."

"మార్చాను."

"ఇంకా?"

"ఇంకా అంటే, మూత తీశాక కళ్ళు మూసుకోలేను కదా. దుమ్ము దులిపాను. రెండు టంకాలు వదులయ్యాయి, మళ్ళీ వేశాను."

"ఇంకా?"

"వాల్యూము బొత్తాం గీరుకుంటోంది, నూనె చుక్క వేశాను."

"బావా."

"స్పీకరు మార్చాను."

"ఏం మార్చావు?"

"స్పీకరు. లోపల కాగితం చిరిగిపోయింది."

"అది చిరిగి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఆ చిరుగే నా పాట. కాగితం అదిరి, రెండు అంచులూ ఒకదానికొకటి రాసుకుని, అప్పుడొస్తుంది ఆ జీర. గొంతు పోయినవాడు పొలికేక పెట్టినట్టు. జనం నాకు తుఫాను అని పేరు పెట్టింది దానికే."

"నాకు చెప్తావేంటి, మెకానిక్కుని."

"ఆ చిరుగు లేకపోతే ఇది యాంప్లిఫయర్ కాదు, మైకు సెట్టు."

"మంచిదేగా. మైకు సెట్టుకు గిరాకీ ఉంది."

"శనివారం సాయంత్రం ఏడింటికి రేడియోలో నా కార్యక్రమం. తెలుసా నీకు?"

"ఈ వారంలో పదకొండుసార్లు చెప్పావు."

"తొమ్మిదేళ్ళ తరవాత పిలిచారు బావా. తొమ్మిదేళ్ళూ హోటలు హాల్లో, భోంచేసేవాళ్ళ చెంచాల చప్పుడుకు తాళం వేశాను. మేనేజరు వచ్చి, కొంచెం మెల్లగా, పన్నెండో టేబులు వాళ్ళు మాట్లాడుకుంటున్నారు అనేవాడు. ఇప్పుడు నూరు మంది ఎదురుగా కూర్చుంటారు. రాక్ చచ్చిందా, బతికుందా అని చర్చ. చచ్చిందనే పక్క ఒక లెక్చరరు. దాని మీద పుస్తకం కూడా రాశాడట. బతికుందనే పక్క నేను. ఆయన మాట్లాడతాడు. నేను మాట్లాడను, నా పాట ఒక్కటి వాయిస్తాను. ఆ జీర వినగానే చర్చ అయిపోవాలి. నచ్చితే ప్రతి శనివారం నాకు అరగంట ఇస్తామన్నారు."

"బతికుందని చెప్పడానికి ముప్ఫై ఒక్క ఏళ్ళ నాటి పాటా?"

"నువ్వూ ఆయన పక్కేనా?"

"నాకు పక్కలు లేవు. బల్ల ఉంది. ఈ బల్ల మీదికి ఒకప్పుడు వారానికి తొమ్మిది యాంప్లిఫయర్లు వచ్చేవి. ఇప్పుడేమున్నాయో చూడు. మిక్సీ. ఇస్త్రీపెట్టె. చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్ గింజలు రెండు జతలు, ఒకటి లాండ్రీలో తడిసింది. యాంప్లిఫయరంటే నీదొక్కటే. మీ డ్రమ్ములవాడు మొన్న వచ్చాడు."

"ఏం తెచ్చాడు?"

"కుక్కరు మూత."

"వాడి సంగతి వదిలెయ్. రాక్ అంటే పెట్టె కాదు బావా. రూపం మార్చుకుంటుంది. పిల్లలు ఇప్పుడు కంప్యూటర్లో చేస్తున్నారు, ఫోన్లో చేస్తున్నారు. పాము కుబుసం విడుస్తుంది. కుబుసం చూసి పాము చచ్చిందంటే ఎలా?"

"బాగా చెప్పావు. శనివారం ఇది చెప్పు. ఆ పిల్లలు చేసినవి విన్నావా?"

"వినక్కర్లేదు, తెలుసు."

"ఒక్కటైనా?"

"ఒకటి సగం విన్నాను."

"ఎలా ఉంది?"

"రేకుల మీద గులకరాళ్ళు పోసినట్టుంది. అదీ ఒక సంగీతమేనా?"

"మరి పాము ఏదీ?"

"మాట మార్చకు."

"నేనెక్కడ మార్చాను? నువ్వు ఆఖరి పాట కట్టి ఎన్నాళ్ళయింది?"

"పాట కట్టడమంటే చొక్కా కుట్టడం కాదు, కొలతలు తీసుకుని, కత్తిరించి... అక్క మిషను ఆపిందేం?"

"దారం తెగుంటుంది. నువ్వు పాట కట్టి పందొమ్మిదేళ్ళు. నేను లెక్కపెట్టాను. చూడు తుఫానూ, నాకు సంగీతం తెలియదు, జబ్బులు తెలుసు. బతికున్నవాడికి కొత్త జబ్బులొస్తాయి. ఇవాళ మోకాలు, రేపు కన్ను. ముప్ఫై ఏళ్ళుగా ఒకే జబ్బుతో, ఒకే పక్కకు తిరిగి ఉన్నాడంటే వాడు రోగి కాదు. గోడ మీద ఫోటో."

"అయిందా? ఇప్పుడు నా పాత స్పీకరు తీసి బిగించు. ఎక్కడ పారేశావు?"

"పారెయ్యలేదు."

"మరెక్కడుంది?"

"పై అరలో. నువ్వు కూర్చో, నేను తీస్తాను. స్టూలు ఊగుతుంది, ఎక్కకు. ఎక్కకు అంటుంటే..."

"ఇవేంటి?"

"ఏవి?"

"నాలుగున్నాయి."

"పాత సామాను."

"నాలుగూ చిరిగున్నాయి. బావా, నాలుగూ ఒకేచోట చిరిగున్నాయి. ఒకే పొడుగు. ఒకే వంపు. వెనక పెన్సిలుతో సంవత్సరాలు రాసున్నాయి."

"దిగు ముందు."

"ఇందులో నాది ఏది?"

"నాలుగూ నీవే."

"నాలుగు నావెలా అవుతాయి?"

"చిరిగిన కాగితం ఎన్నాళ్ళు నిలుస్తుందనుకున్నావు? ఏడేళ్ళు. మహా అయితే ఎనిమిది. చిరుగు అంచుదాకా పాకుతుంది, తరవాత కాగితం ఊడి చేతికొస్తుంది. అలా అయినప్పుడల్లా కొత్తది పెట్టి, అదే చోట కోసి నీకిచ్చాను. నువ్వు మీటి, అబ్బ, అదే జీర అనేవాడివి. ప్రతిసారీ అన్నావు. పోయినసారైతే కళ్ళు తుడుచుకున్నావు."

"నువ్వు కోశావా?"

"కోసింది నేను. గీసింది నేను కాదు."

"మరెవరు? మళ్ళీ మిషను ఆగింది. అక్కా, దారం తెగిందా?"

"తెగలేదు తమ్ముడూ. నేనే ఆపాను."

"గీసింది నువ్వా?"

"మొదటిసారి మీ బావ రెండు రోజులు తల పట్టుకున్నారు. కొత్తది చింపితే బర్రుమంటోంది, జీర రావట్లేదు. పాతది ఇలా తెమ్మన్నాను. కాగితం మీద పరిచి, చిరుగు వెంట గీసి, కొలతలు రాసుకున్నాను. నాలుగు వేళ్ళ పొడుగు, చివర్లో బఠాణీ గింజంత వంపు. నమూనా కత్తిరించి ఇచ్చాను. చొక్కా చెయ్యి కంటే సులువు."

"ఆ నమూనా ఉందా?"

"కాలర్ల కవర్లో ఉంది."

"కాలర్ల కవర్లో."

"అంగుళం కాలరుకూ ముప్పావు అంగుళం కాలరుకూ మధ్య. నీ తిరుగుబాటంతా అక్కడే ఉంది."

"నవ్వకు బావా."

"నవ్వలేదు. దగ్గాను."

"మరి ఈసారి ఎందుకు కొయ్యలేదు? మరిచిపోయావా?"

"ఆయన మరిచిపోలేదు. నేను వద్దన్నాను."

"ఎందుకక్కా?"

"శనివారం కార్యక్రమం గురించి ఆదివారం రేడియోలో నీతో మాట్లాడారు కదా. నేను బొత్తాలు కుడుతూ విన్నాను. ఆ జీర ఎలా వచ్చిందని అడిగారు. ఏమన్నావు?"

"సీసా కథ చెప్పాను. మైదానంలో కచేరీ, జనం గొడవ, ఎవడో సీసా విసిరాడు, స్పీకరుకు తగిలింది. అందరికీ తెలిసిందే."

"ఆ తరవాత?"

"గుర్తులేదు."

"నాకుంది. ఈ శబ్దం ఎవరూ చెయ్యలేదు, చేత్తో చేస్తే ఇలాంటిది రాదు, దానంతటదే పుట్టాలి అన్నావు. సూది నా వేలిలో దిగింది."

"నాకు తెలియదు కదా అక్కా."

"నిజమే, తెలియదు. కాగితం ముక్క ముప్ఫై ఏళ్ళు ఎలా నిలిచిందని ఒక్కసారి అడిగావా? నీ స్టేజి కోటు మోచేతి దగ్గర చిరిగి ఉంటుంది కదా. అది ఇంకా చిరగకుండా, చిరిగినట్టే ఉండేలా లోపల ఎన్ని కుట్లున్నాయో తిప్పి చూశావా?"

"కోటు కూడానా?"

"అది రెండో కోటు."

"సరే, తప్పయింది. నమూనా ఇవ్వు. ఎల్లుండే శనివారం."

"ఎవరూ చెయ్యలేదన్నావుగా. దానంతటదే పుట్టనీ."

"బావా, నువ్వైనా చెప్పు."

"మీ అక్కాతమ్ముళ్ళ మధ్య నేను వేలు పెట్టను. ఒకసారి పెట్టి చూశాను."

"పోనీ, మొదటిది నిజం కదా. మిగతా మూడూ మీరు చేశారు, ఒప్పుకున్నాను. మొదటి చిరుగు మాత్రం సీసాదే. ఆ ఒక్కటీ ఎవరూ చేసింది కాదు. అవునా? బావా?"

"ఏంటి?"

"తల దించావేం?"

"స్క్రూ కింద పడింది."

"చెప్పండి. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది. ఇంక మన పెళ్ళి ఎవరూ ఆపలేరు."

"దానికీ పెళ్ళికీ ఏంటి అక్కా సంబంధం?"

"ఆయన్నే చెప్పనీ."

"సీసా పెట్టె అంచుకు తగిలింది తుఫానూ. చెక్క మీద గాటు ఇప్పటికీ ఉంది చూడు, స్పీకరుకు జానెడు దూరంలో. లోపల ఏమైనా అయిందేమోనని నేను విప్పాను. ఏమీ కాలేదు. మళ్ళీ బిగిస్తుంటే స్క్రూడ్రైవరు జారింది."

"జారింది."

"నాలుగు వేళ్ళు. చివర్లో ఆపబోయి చెయ్యి తిప్పాను. ఆ బఠాణీ గింజంత వంపు అదే. అప్పటికి మీ ఇంట్లో నా సంబంధం మాట్లాడుతున్నారు. స్పీకరే సరిగ్గా చూసుకోనివాడు పిల్లనేం చూసుకుంటాడు అని మీ నాన్న అంటాడు కదా. అయినా చెబుదామనే వచ్చాను. నువ్వు అప్పటికే మీటేశావు. గంతులేస్తున్నావు. సీసా విసిరినవాడు దొరికితే కాళ్ళకు దండం పెడతానన్నావు. నేను నోరు మూసుకున్నాను."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు."

"పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. ఈలోగా నువ్వు పేపరువాళ్ళకు చెప్పేశావు."

"అంటే నాదంటూ ఏముంది బావా? చిరుగు నీది. కొలత అక్కది. కోటు కూడా అక్కదే."

"పాట ఉంది."

"పాట ఎవరికీ గుర్తులేదు. ఆ జీరే గుర్తు."

"అయితే ఇదిగో బ్లేడు. కొత్త స్పీకరు నీ ముందే ఉంది. నువ్వే కొయ్యి, నీదవుతుంది."

"ఎక్కడ కొయ్యాలి అక్కా?"

"నీ ఇష్టం."

"బ్లేడు ఎలా పట్టాలి బావా?"

"పెన్సిలులా పట్టు తుఫానూ. ఊపిరి బిగబట్టు. చెయ్యి బల్లకు ఆన్చు."

"కోశాను."

"పొడుగైంది. అడ్డంగా కూడా పోయావు."

"మీటనా?"

"మీటు. ఇంకోసారి. కింది తీగ."

"ఏమంటావు బావా?"

"ఇది నేనెప్పుడూ వినలేదు."

"బాగుందా?"

"జబ్బేమిటో తెలియట్లేదు. జీర కాదు, బొంగురు కాదు. ఒకే గొంతులో ఇద్దరు పోట్లాడుతున్నట్టుంది. ఇంకోసారి మీటు."

"వద్దు. పాడైంది. నూరు మంది ముందు ఇది వాయిస్తే లెక్చరరు నోరు తెరవకుండానే గెలుస్తాడు. అక్కా, నమూనా ఇవ్వు."

"కొత్తది వచ్చింది కదరా. రూపం మార్చుకుంటుంది, పాము, కుబుసం అన్నావు."

"అంతా విన్నావా?"

"తెర గుడ్డది. గోడ కాదు."

"పాము సంగతి తరవాత. శనివారం పాతదే కావాలి. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"కాళ్ళు వద్దు. ఎవరు చేశారని అడిగితే, మా అక్క అని చెప్పు. రెండు మాటలు. ఈయన ఇంకో స్పీకరు తీసి కోసిపెడతారు, రేపు పొద్దున వచ్చి తీసుకెళ్ళు."

"చెప్తాను. ఒట్టు."

"మరి నా సంగతి?"

"మీ పేరెత్తితే పెళ్ళి సంగతి బయటికొస్తుంది."

శనివారం సాయంత్రం ఏడు గంటలకు కార్యక్రమం మొదలైంది. ప్రత్యక్ష ప్రసారం. ఏడూ నలభైకి గిటారిస్టు పాట ముగించాడు. చప్పట్లు ఆగాక రేడియో వ్యాఖ్యాత అతన్ని అడిగింది.

"ఇన్నేళ్ళయినా ఆ జీర చెక్కుచెదరలేదు. ఎవరి పని సార్ ఇది?"

"మా అక్క పని."

"చూశారా, నూరు మందీ నవ్వుతున్నారు. మీ హాస్యం కూడా చెక్కుచెదరలేదు."

"హాస్యం కాదండీ. మా అక్క బట్టలు కుడుతుంది. చిరుగుకు కొలతలు తీసి, నమూనా కత్తిరించి..."

"చిరుగుకు కొలతలు. లెక్చరరుగారు కూడా నవ్వేశారు, సాయంత్రం నుంచి ఇదే మొదటిసారి. సరే, ఇప్పుడు శ్రోతల కోసం నిజం చెప్పండి. మైదానం, జనం..."

"మా అక్క వింటోందండీ."

"వింటున్న అక్కగారికి నమస్కారం. మైదానం, జనం, గొడవ. అప్పుడు ఒక సీసా..."

"సీసా."

"ఎవరో విసిరారు."

"విసిరారు. అది నిజమే. కానీ..."

"అదీ. మనకు రెండు నిమిషాలే ఉన్నాయి. మొదటినుంచి చెప్పండి."

"మైదానంలో కచేరీ అండీ. జనం గొడవ చేస్తున్నారు..."

శ్రోతలు ఫోన్లో ఓట్లు వేశారు. రాక్ చచ్చిందన్నవాళ్ళు అరవై ఒక్కరు. బతికుందన్నవాళ్ళు యాభై ఎనిమిది మంది. సీసా కథ మళ్ళీ చెప్పించమన్నవాళ్ళు నూట నలభై మంది. సోమవారం ఉదయం దుకాణం తెరవగానే ఇద్దరు వచ్చి, చెరో కొత్త స్పీకరు ఇచ్చి వెళ్ళారు. పదీ ఇరవైకి ఒక అమ్మాయి గిటారు, చిన్న యాంప్లిఫయరు పట్టుకుని వచ్చింది. అప్పటికి గిటారిస్టు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"బావా, వాళ్ళిద్దరూ ఏం కావాలన్నారు?"

"చింపమన్నారు. రసీదు పుస్తకంలో చూసుకో. సీసా చిరుగు రెండు, బుధవారానికి."

"సీసా చిరుగు అని రాశావా?"

"వాళ్ళడిగింది అదే. ముప్ఫై ఏళ్ళు బాగుచేశాను, ఒక్కరూ వరసలో నిలబడలేదు. అది పోనీ. అరగంట ఇచ్చారట కదా?"

"ఇచ్చారు. పాటలొద్దన్నారు. పాత రోజుల కథలు చెప్పమన్నారు."

"ఫోటోకు దండ కూడా పడిందన్నమాట."

"అక్కా, రేడియోలో చెప్పాను కదా. నువ్వు విన్నావు కదా."

"విన్నాను. రెండు మాటలే అడిగాను, నువ్వు ఎక్కువే చెప్పావు. వాళ్ళు నవ్వితే నీ తప్పా? ఆ అమ్మాయి నిలబడి ఉంది, ముందు తన సంగతి చూడండి."

"చెప్పమ్మా. నీకూ సీసా చిరుగేనా?"

"కాదంకుల్, దీంట్లో స్పీకరు తీగ ఊడింది. టంకం వేస్తే చాలు. సీసా శబ్దం మా నాన్నకు ఇష్టం. బల్ల కింద ఆ స్పీకరేంటి?"

"అది పాడైంది."

"ఒకసారి తగిలించి చూడొచ్చా?"

"చూడు, కానీ దానిలో ఏమీ... ఆ రెండు తీగలూ ఇలా ఇవ్వు. ఊఁ, మీటు."

"అంకుల్."

"చెప్పాను కదమ్మా, పాడైందని."

"ఆగండి. ఇంకోసారి. మేం ముగ్గురం రెండేళ్ళుగా ఇలాంటిదే వెతుకుతున్నాం. కంప్యూటర్లో చేశాం, ఫోన్లో చేశాం, రేకు డబ్బాలో మైకు పెట్టి కూడా చూశాం. రాలేదు. దీనికి ఏం తగిలింది? ఎలా చిరిగింది?"

"నేనే కోశానమ్మా."

"మీరెవరు?"

"గిటారు వాయిస్తాను. గురువారం కోశాను. బ్లేడుతో. ఈ బల్ల మీదే."

"ఊరుకోండి అంకుల్. చేత్తో చేస్తే ఇలాంటిది వస్తుందా? దానంతటదే పుట్టాలి."

"నిజం చెబుతున్నాను. నేను చేసింది ఇదొక్కటే. వీళ్ళనడుగు."

"సరే సరే, నమ్మాను. ఇది నాకిస్తారా?"

"అక్కా, మిషను ఆపావేం?"

"దారం తెగింది."

పది గంటల యాభై నిమిషాలకు అమ్మాయి స్పీకరు తీసుకుని వెళ్ళింది. రసీదులో ఇలా ఉంది: స్పీకరు ఒకటి, పాడైనది.